81 రోజులు, ఆ తర్వాతి బతుకు

1978 ఏప్రిల్ 8న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక కాలేజీ మీట్ జరిగింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న హెన్రీ రోనో అనే కెన్యా విద్యార్థి 5,000 మీటర్లను 13 నిమిషాల 8.4 సెకన్లలో ముగించాడు. పాత ప్రపంచ రికార్డు కంటే నాలుగున్నర సెకన్లు తక్కువ! మే 13న సియాటిల్‌లో 3,000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్, జూన్ 11న వియన్నాలో 10,000 మీటర్లు, జూన్ 27న ఓస్లోలో 3,000 మీటర్లు. 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు ఒక్కడివే.

రోనో 1952లో కెన్యాలోని నంది కొండల్లో పుట్టాడు. పసితనంలో సైకిల్ చువ్వల్లో కాలు ఇరుక్కుని కొన్నేళ్లు నడకకే దూరమయ్యాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచిన కిప్ కీనోది కూడా నంది ప్రాంతమే. ఆయన్ని చూసే రోనోకి పరుగు మీద మనసు పడింది. సైన్యంలో చేరాడు. అక్కణ్నుంచి 1976లో అమెరికాలో, గోధుమ చేల నడుమ ఉండే పుల్మన్ అనే చిన్న ఊరికి వెళ్లాడు. అక్కడి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కోచ్ జాన్ చాప్లిన్ కెన్యా రన్నర్లను చేరదీస్తున్నాడు. వియన్నాలో రోనో చెరిపేసిన రికార్డు ఎవరిదో కాదు, అదే కాలేజీలో తనతో పరుగెత్తిన శాంసన్ కిమోబ్వాది. రోనో స్టీపుల్‌ఛేజ్ రికార్డు 11 ఏళ్లు నిలిచింది. 1989లో దాన్ని సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో దాటిన పీటర్ కోయెచ్ కూడా ఆ కాలేజీవాడే.

ఇంతటివాడు ఒలింపిక్స్‌లో ఒక్క అడుగు కూడా వేయలేదు. 1976 మాంట్రియల్‌ను, 1980 మాస్కోను కెన్యా బహిష్కరించింది. మొదటి బహిష్కరణకు కారణం దక్షిణాఫ్రికా వర్ణవివక్ష. అది న్యాయమైన కారణమేననడంలో నాకు సందేహం లేదు. కానీ దాని మూల్యం చెల్లించింది రోనోలాంటి వాళ్లు. అప్పట్లో అమెచ్యూర్ నిబంధనల వల్ల పరుగు మీద బాహాటంగా సంపాదించుకునే వీలూ లేదు.

అదే 1978 చివర్లో అమెరికా కాలేజీల జాతీయ క్రాస్‌కంట్రీలో రోనో 237వ స్థానంలో వచ్చాడు. అంతకుముందు రెండేళ్లూ విజేత అతనే. మరుసటేడు మళ్లీ గెలిచాడు. అప్పటికే అలవాటైన తాగుడు మాత్రం వదల్లేదు. 1981లో నార్వేలోని క్నార్విక్‌లో 5,000 మీటర్ల రికార్డును తానే మళ్లీ మెరుగుపరిచాడు, 13 నిమిషాల 6.20 సెకన్లు. ముందురాత్రి తాగిన మందు చెమటగా పోయేందుకు ఆ పొద్దున గంటసేపు పరుగెత్తాడట.

ఆ తర్వాత ఇల్లు లేని రోజులు, మందు మాన్పించే కేంద్రాలు. 1986లో న్యూజెర్సీ పోలీసులు వేరొకరనుకుని అరెస్టు చేస్తే, తన నేరం కానిదానికి జైల్లో గడిపాడు. కార్లు కడిగాడు, పార్కింగ్ స్థలంలో పనిచేశాడు, ఆల్బుకర్కీ విమానాశ్రయంలో ప్రయాణికుల సామాను మోశాడు. చాలామంది రోనో కథను ఇక్కడే ఆపేసి, పతనం అని పేరు పెడతారు. నాకది అన్యాయంగా తోస్తుంది. పరుగెత్తే రోజుల్లో సెకనులో పదో వంతు కూడా లెక్కపెట్టిన వాళ్లున్నారు. పరుగు ఆగాక అతను తింటున్నాడో లేదో అడిగినవాళ్లు ఎందరు? కోచ్, హాస్టల్, విమాన టికెట్లు, రోజువారీ సాధన అన్నీ ఒకేసారి దూరమైతే, పరాయి దేశంలో ముప్పై ఏళ్లవాడు ఏం పట్టుకుని నిలబడాలి? తాగుడు అతనిదే, కాదనను. అయినా ఆ ఒంటరితనంలో కాలేజీ క్రీడావ్యవస్థకూ, దేశానికీ వాటా ఉంది.

రోనో తాగుడు మానాడు. ఆల్బుకర్కీలోనే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పాడు, కుర్రాళ్లకు పరుగు నేర్పాడు, 2007లో ఆత్మకథ వెలువరించాడు. సామాను మోయడం ఆ కథలో సిగ్గుపడాల్సిన ఘట్టం కాదు, కోలుకోవడం మొదలైన చోటు. 2019లో సొంత దేశానికి తిరిగి వెళ్లాడు. 2024 ఫిబ్రవరి 15న, 72 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. నాలుగు రోజుల ముందే మారథాన్ ప్రపంచ రికార్డు వీరుడు కెల్విన్ కిప్టుమ్ కారు ప్రమాదంలో పోయాడు. రోనోను కెన్యా ఆ దుఃఖంలోనే సాగనంపాల్సి వచ్చింది.