గొంతు పోయిన ఆట

తెరపై వస్తువును బాణపుగుర్తుతో చూపి కథ నడిపించు కంప్యూటరు ఆటలు కొన్ని కలవు. ఇంగ్లండులోని రివల్యూషన్ సంస్థ 1996లో వెలువరించిన 'బ్రోకెన్ స్వోర్డ్' అట్టిది. పారిస్‌లో ఒక కాఫీ హోటలున బాంబు ప్రేలుటతో కథ మొదలగును. పాత్రలన్నియు నోరారా మాటలాడును.

2002లో దీనిని గేమ్ బాయ్ అడ్వాన్స్ అను అరచేతి ఆటపెట్టెలోనికి కుదించిరి. బాణపుగుర్తు పోయి, నాయకుని మీటలతో నడిపింపవలసి వచ్చెను. 2009లో నింటెండో డి.ఎస్. కొరకు మరల దిద్దినప్పుడు, పుల్లవంటి కలముతో తెరనే తాకు సౌకర్యము కలిగినది. ఈ ఆటకు ఇంతకన్న తగిన సాధనము లేదని మా అభిప్రాయము. చిక్కు విడనివారికి సూచనలును చేర్చిరి.

కాని రెండింటను కంఠములు లేవు. సంభాషణ అంతయు అక్షరములే. చిన్న కార్ట్రిడ్జిలో గంటలకొలది మాటలను ఇముడ్చుట సులభము కాదు, నిజమే. అయినను నాయకుడు జార్జి వేళాకోళములకు రుచి ఆ గొంతు విరుపులోనిదే. రేడియో వినువారమైన మనకు ఈ లోటు వేరుగ చెప్పనక్కరలేదు.