భిలాయ్‌లో వసంత వస్త్రం: ఉగాదికి కోసా కొనేవారు చూడవలసినవి

ఫాల్గుణం ముగియకముందే భిలాయ్ సివిక్ సెంటర్ దుకాణాలలో లేతరంగుల దుస్తులు ముందు వరుసకు వస్తాయి. వాటిపై ‘స్ప్రింగ్ కలెక్షన్’ అన్న పలకలు వేలాడుతుంటాయి. ఉక్కు నగరంలోని తెలుగు కుటుంబాలు ఉగాదికి కొత్తబట్టలు కొనేది కూడా ఈ రోజుల్లోనే. అయితే ఆ పలక మీది వసంతం, పంచాంగంలోని వసంతం ఒకటి కావు.

‘స్ప్రింగ్ కలెక్షన్’ అనేది ప్యారిస్, మిలాన్, న్యూయార్క్ ఫ్యాషన్ ప్రదర్శనల లెక్క. రాబోయే వసంతకాలం, వేసవి దుస్తులను అక్కడ ముందటి సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లోనే చూపుతారు. గడ్డకట్టే చలి నుంచి తేరుకునే దేశాలకు వసంత వస్త్రమంటే పలుచని కోటు, పొడుగు చేతుల చొక్కా. భిలాయ్‌లో హోలీ నాటికే ఎండ ముదురుతుంది. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. కాబట్టి ఇక్కడి వసంత వస్త్రాన్ని రంగును బట్టి కాక నూలును బట్టి ఎంచడమే మంచిది. చైత్రంలో పూజకు కట్టిన చీర వైశాఖంలో పెళ్లికి కట్టినప్పుడూ ఒంటికి బరువు కాకూడదు.

అటువంటి వస్త్రం ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనే పుడుతుంది. దానిని ఇక్కడివారు కోసా అంటారు. తెలుగువారికి అది దసలి పట్టు. తెలంగాణలోని మహాదేవపూర్ ప్రాంతంలోనూ ఈ పట్టు దొరుకుతుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర చేనేత సహకార సమాఖ్య ‘బిలాసా’ పేరిట నడిపే విక్రయశాలల్లో కోసా వస్త్రాలదే అగ్రస్థానం. బిలాస్‌పూర్ నగరానికి ఆ పేరు రావడానికి కారణమని జనశ్రుతి చెప్పే బిలాసా అనే స్త్రీ పేరే ఈ విక్రయశాలలకూ ఉంది.

మల్బరీ పట్టుపురుగును ఇంట్లో తట్టల మీద పెంచుతారు. కోసా పురుగు మాత్రం ఆరుబయట నల్లమద్ది, ఏరుమద్ది చెట్ల ఆకులు తిని, కొమ్మకు గట్టి కాడతో గూడు కట్టుకుంటుంది. సాల వృక్షాలపై కూడా పెరుగుతుంది. బస్తర్ అడవుల్లో ఎవరూ పెంచకుండానే దొరికే గూళ్లను ‘రైలీ’ అంటారు. తొలకరితో మొదటి పంట మొదలవుతుంది, రెండవది చలి మొదలయ్యే వేళకు చేతికొస్తుంది. అంటే ప్యారిస్‌లో వసంత దుస్తుల ప్రదర్శనలు జరిగే రోజుల్లోనే, భిలాయ్‌లో ఉగాదికి అమ్ముడయ్యే చీర నూలు ఇంకా మద్దిచెట్టు మీద ఉంటుంది. వర్షాలు అదుపు తప్పినా, పక్షులు, చీమలు పురుగులపై పడినా ఆ పంట తగ్గుతుంది. ఆ భారం మొదట పడేది గూళ్లు సేకరించే అటవీ కుటుంబాల మీదే.

కోసా సహజవర్ణం తేనె, గోధుమ, మీగడ రంగుల మధ్య ఉంటుంది. పోగు సమంగా ఉండదు. నేతలో చిన్న ముడులు, సన్నని గీతలు తేలుతాయి. వాటిని లోపమనుకుని పక్కన పెట్టేవారున్నారు. నిజానికి కోసాను గుర్తుపట్టేది వాటితోనే. చిమ్మట బయటపడిన తరువాత మిగిలే రంధ్రపు గూళ్ల నుంచి ‘ఘీచా’ అనే ముతక పోగు తీస్తారు. ఘీచా వస్త్రం మెరుపు తక్కువ, గరుకు ఎక్కువ. కుర్తాకు, దుప్పట్టాకు అది సన్నని కోసా కన్నా నప్పుతుంది. బజారులో ఇప్పుడు ఎక్కువగా కనిపించే దట్టమైన ఎంబ్రాయిడరీ కోసా చీరల విషయం వేరు. ఆ కుట్టుపని నూలును కప్పేస్తుంది, బరువు పెంచుతుంది. అంచున గుడి గోపురాల వరుసతో, ఒళ్లంతా సాదాగా ఉన్న చీరే ఈ ఎండలకు తగినది. పట్టు వద్దనుకునేవారికి బస్తర్ నూలు చీర ఉంది. తెల్లని నూలుపై ‘ఆల్’ చెట్టు వేరుతో అద్దిన ముదురు ఎరుపు అంచు దాని ఆకర్షణ.

భిలాయ్ మీదుగా సాగే హౌరా–ముంబయి రైలుమార్గం మీదనే, బిలాస్‌పూర్ దాటాక చాంపా వస్తుంది. కోసా నేతకు అది ముఖ్యకేంద్రం. అక్కడి నేతకారుల్లో అధికులు దేవాంగన్ కులస్థులు. తెలుగునాట దేవాంగులూ నేతగాళ్లే. గూడును ఉడికించి పోగు తీసే పని ఎక్కువగా స్త్రీలది. పోగును తొడపై రుద్ది పేనడం పాత పద్ధతి. చర్మం ఒరుసుకుపోయే ఆ పనికి దక్కే కూలి స్వల్పం. ఆ బాధ తప్పించేందుకే కేంద్ర పట్టు మండలి ‘బునియాద్’ అనే రీలింగ్ యంత్రాన్ని ప్రవేశపెట్టింది.

స్థానిక నూలు చాలనప్పుడు, పడుగుకు సమమైన పోగు కావలసినప్పుడు నేతకారులు చైనా, కొరియా నూలు కూడా వాడతారు. అందులో మోసమేమీ లేదు, కానీ కొనేవారికి ఆ సంగతి చెప్పాలి. చిక్కంతా పాలియెస్టర్‌ను కోసా అని అమ్మడంతోనే. దుకాణాలలో కనిపించే ముద్రల అర్థం తెలియకపోవడం ఆ మోసానికి కలిసివస్తోంది. సిల్క్ మార్క్ ఉంటే నూలు అసలైన పట్టు అని అర్థం. ఆ పట్టు ఏ దేశానిదో అది చెప్పదు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ అది మగ్గంపై చేత్తో నేసినదని హామీ ఇస్తుంది. చాంపా పట్టుచీరలకు, వస్త్రాలకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉంది. ఒక ముద్రను చూపి మిగిలిన రెండూ ఉన్నట్లే మాట్లాడే వ్యాపారిని, బిల్లుపై ‘చేనేత’, ‘శుద్ధ పట్టు’ అన్న మాటలు రాసివ్వమని అడగాలి. వెనకాడితే కొనకపోవడమే మేలు.

ముద్ర లేనిచోట అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడవచ్చు. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ముద్దవుతుంది. ఇది భిలాయ్ వాసులకు కొత్త పాఠం కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి, నిప్పు దగ్గర సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుందన్నది కార్మిక కుటుంబాలకు తెలిసిన జాగ్రత్తే. ఇక పొందూరు ఖాదీని చేత్తో తడిమి వెల కట్టగల ఉత్తరాంధ్ర పెద్దలున్న ఇళ్లలో నూలు పరీక్షకు వేరే గురువు అక్కరలేదు.

కోసా చీరను మొదటిసారి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడం క్షేమం. ఆ తరువాత చల్లని నీటిలో, తేలికపాటి సబ్బుతో ఉతికి నీడన ఆరవేయవచ్చు. పిండకూడదు. ప్లాస్టిక్ సంచిలో ఉంచితే చెమ్మ పట్టి మచ్చలు తేలుతాయి. పాత నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడతలు మార్చాలి.