ఎండకి అలిగే అయస్కాంతం

వేడెక్కితే పట్టు వదిలేసి, చల్లబడగానే మళ్లీ అతుక్కునే అయస్కాంతం ఉంటుందా? ఉంది. 1995లో పారిస్‌లో మిషెల్ వెర్దాగ్యే టీమ్ తయారుచేసింది. దాని లిమిట్ 42 డిగ్రీల సెల్సియస్. మే నెలలో మన రామగుండం ఎండలో పెడితే దాని పని అయిపోయినట్టే!

నిజానికి ప్రతి అయస్కాంతానికీ ఇలాంటి లిమిట్ ఒకటుంటుంది. లోపలి పరమాణువులు బుల్లి అయస్కాంతాల్లా పద్ధతిగా వరుస కడతాయి. వేడి పెరిగేకొద్దీ ఊగిపోయి, ఒక దశలో వరుస పూర్తిగా చెదిరిపోతుంది. మంచు కరిగి నీరైనట్టు ఇదీ ఒక దశ మార్పే. 1895లో, అదే పారిస్‌లో, పియరీ క్యూరీ తన థీసిస్‌లో దీన్ని లోతుగా పరిశీలించారు. అందుకే దానికి క్యూరీ ఉష్ణోగ్రత అని పేరు. ఇనుముకి అది దాదాపు 770 డిగ్రీలు.

మరి దీన్ని 42 దగ్గరికి ఎలా తెచ్చారు? కథ ఒక రంగుతో మొదలవుతుంది. పెయింటర్లు మూడు వందల ఏళ్లుగా వాడుతున్న ప్రష్యన్ బ్లూ కూడా అయస్కాంతమే. కాకపోతే మైనస్ 267 డిగ్రీల చలిలో మాత్రమే! అందులో ఇనుము అయాన్ల మధ్య కార్బన్, నైట్రోజన్ జంట వంతెనలా ఉంటుంది. ఒకటి విడిచి ఒకటి ఇనుము అయాన్‌కి అయస్కాంత గుణమే లేదు. అంటే కబురు పక్కింటికి కాదు, ఆ పై ఇంటికి చేరాలి. కొంచెం వేడి తగిలినా అది అందదు.

వెర్దాగ్యే టీమ్ ఆ పంజరాన్ని అలాగే ఉంచి, ఇనుము స్థానంలో వనేడియం, క్రోమియం పెట్టింది. ఇప్పుడు పక్కపక్కన ఉన్నవన్నీ అయస్కాంతాలే. పక్కవాళ్లిద్దరూ ఎదురెదురు దిక్కులకి తిరుగుతారు. కానీ బలాలు సమానం కావు కాబట్టి కొంత మిగులుతుంది. దెబ్బకి లిమిట్ 300 డిగ్రీలకు పైగా ఎగబాకింది! కోడ్ స్ట్రక్చర్ ముట్టుకోకుండా రెండు వాల్యూస్ మార్చి ఇంత రిజల్ట్ తెస్తే మా ఆఫీసులో పార్టీ అడుగుతారు.

దీన్ని లోలకంలా వేలాడదీసి, పక్కన మామూలు అయస్కాంతం పెట్టి కూడా చూపించారు. లైటు వేడికి పట్టు వదిలి వెనక్కి ఊగుతుంది, చల్లారి మళ్లీ అతుక్కుంటుంది. వెలుతురుతోనే కదలిక!

చిక్కేంటంటే, గాలి తగిలితే ఈ పదార్థం పాడవుతుంది. అందుకే గాజులో సీల్ చేశారు. కానీ 1999లో అమెరికాలో హోమ్స్, జిరోలమి ఇదే దారిలో 100 డిగ్రీలు దాటించారు. గాలిని తట్టుకునేలా చేయగలిగితే, ఎన్ని డిగ్రీల దగ్గర ఆఫ్ అవ్వాలో మనమే చెప్పి అయస్కాంతం చేయించుకోవచ్చు. నన్ను ఊరిస్తున్నది అదే.