ఓడకు జాబితా ఉంది, లారీకి లేదు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ తగులుతుంది. పాడైన లారీని బాగుచేసేది ఇలాంటి షెడ్లలోనే, ఇక బాగుపడదని తేలితే విప్పేదీ ఇలాంటి చోటే. ముసలి ఓడలకు గుజరాత్‌లో అలంగ్ తీరం ఎలాగో, డొక్కు లారీలకు ఊరూరి ఆటోనగర్లు అలాగ.

లారీ విప్పేటప్పుడు ముందు ఇంజనాయిల్, గేరాయిల్ దించుతారు. కొంత డబ్బాలో పడుతుంది, కొంత నేలలో ఇంకుతుంది. బ్యాటరీలో సీసం పలకలు, యాసిడ్ ఉంటాయి. టైర్లు, కమాన్ పట్టీలు, గేర్‌బాక్సు వేటికవి అమ్ముడుపోతాయి. మిగిలిన ఛాసిస్ మీద గ్యాస్ కట్టర్ పెడతారు. ఇనుము తెగేలోపే దాని మీది రంగు కాలుతుంది. పాత రంగుల్లో సీసం కలిసి ఉండొచ్చు. ఆ పొగ కట్టర్ పట్టినవాడి ముఖానికి మూరెడు దూరంలో లేస్తుంది. మూతికి చుట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని నూగు పనివాడి ఊపిరితిత్తుల్లో దిగితే జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. అప్పటికి అతను ఏ షెడ్డులో పనిచేశాడో రుజువు చూపే కాగితం ఎక్కడుంటుంది?

అలంగ్‌లో ఇదే పని మరింత భారీగా 1983 నుంచి సాగుతోంది. పోటు మీద ఓడను ఒడ్డెక్కించి, నీరు తీశాక బురదలోనే కోస్తారు. కోసేవాళ్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కూలీలు. 2005 చివర్లో ఆస్‌బెస్టాస్ నిండిన ఫ్రాన్సు యుద్ధనౌక క్లెమెన్సో అలంగ్‌కు బయల్దేరితే పెద్ద దుమారం రేగింది. 2006లో ఫ్రాన్సు దాన్ని వెనక్కి పిలిపించుకుంది. 2009లో కుదిరిన హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అంతర్జాతీయంగా తిరిగే పెద్ద ఓడల్లో ఏ ప్రమాదకర పదార్థం ఎక్కడ, ఎంత ఉందో చెప్పే జాబితా ఉండాలి.

లారీకి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలన్నీ ఉంటాయి. విప్పేవాడి చేతికి మాత్రం అలాంటి జాబితా రాదు.

ప్రభుత్వం కదల్లేదని అనను. 2021లో నమోదిత స్క్రాపింగ్ కేంద్రాలకు నిబంధనలొచ్చాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి వాహనాలు తయారుచేసే కంపెనీల మీదా ఆయుష్షు తీరిన బండ్ల బాధ్యత పెట్టారు. కానీ ఆ బాధ్యతను కొలిచేది తిరిగి రాబట్టిన ఉక్కు బరువుతో. ఇదే నాకు మింగుడుపడదు. ఉక్కుకు ధర ఉంది, ఎవరూ చెప్పకపోయినా అది కొలిమికి చేరుతుంది. బ్యాటరీకి, టైరుకు, వాడిన నూనెకు వేరే నిబంధనలున్నాయి. ధర పలకని లైనింగు ముక్కలు, సీటు స్పాంజి, రంగు పొగ లెక్కలోకి రావు. అవే నేలలోనూ మనిషి ఒంట్లోనూ మిగిలిపోతాయి.

నిబంధన పాటించే కేంద్రానికి నూనె ఇంకని నేల, మురుగు శుద్ధి, మాస్కులు అన్నీ ఖర్చే. అవేవీ లేని షెడ్డు యజమాని పాత లారీకి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వగలడు. లారీ ఓనరు ఎటు వెళతాడో చెప్పనక్కర్లేదు. ఆ తేడాను బండి అమ్మిన కంపెనీ భరించాలి. ఏళ్ల తరబడి ఇదే పనిలో చెయ్యి తిరిగిన ఆటోనగర్ మనుషులను వెళ్లగొట్టకుండా, ఆ కొత్త కేంద్రాల్లో జీతానికి, ఈఎస్ఐ కార్డుతో పెట్టుకోవాలి.