కోడిపందెము – చాపకూడు

పల్నాటిసీమ అనగానే పిల్లలకు మొదట జ్ఞప్తికి వచ్చేది కోడిపందెము. బాలచంద్రుని పౌరుషమును, నాగమ్మ ఎత్తులను చెప్పి మనము పాఠము ముగిస్తాము. కథ జరిగిన నేలను ఒక్క దినము తిరిగి చూచినవారికి మాత్రము వేరొక ప్రశ్న ఎదురవుతుంది. ఆ యుద్ధములో గెలిచినవారెవరు?

నరసరావుపేటలో తెల్లవారుజామున బయలుదేరితే కారెంపూడి, మాచర్ల, గురజాల – ఈ మూడు ఊళ్ళను ఒక్క పగటిలో చూచి రావచ్చును. ఇటీవల మా మేనత్తతో కలిసి ఒక యాత్రాబస్సులో అట్లా వెళ్ళినాను. ఆమె బడిలో చదివినది తక్కువ. అయితే వీరవిద్యావంతులు రాత్రుళ్ళు పాడిన కథను చిన్ననాడు విన్నది. ఏ వీరుడు ఎవరికి ఏమి కావలెనో వేళ్ళు మడిచి చెప్పగలదు. ఈ సీమ చరిత్రకు ఆధారములు రెండు: ఒకటి గ్రంథము, రెండవది గొంతుక. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో అచ్చువేయించినారు. గాయకుల నోట నిలిచిన కథను జీన్ రోఘైర్ అనే పాశ్చాత్య పండితుడు ఆంగ్లములోనికి తెచ్చి 1982లో ప్రకటించినాడు.

నాగులేటి ఒడ్డున ఉన్న కారెంపూడి ఆనాటి రణరంగము. 12వ శతాబ్ది చివరి భాగములో జరిగిన ఆ పోరును తలచుకొనడానికి ఇక్కడ ఉన్నది కోట కాదు, వీరుల గుడి. సింహాసనమెక్కినవారికి గాక, నేలకొరిగినవారికి కట్టిన గుడి. అచట నిలిచి మా అత్తయ్య బంధుత్వములు లెక్కపెట్టింది. నలగామరాజు, మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలు; తల్లులు వేరు. సంధి కోరి గురజాలకు రాయబారిగా పోయి, విషప్రయోగమునకు బలియైన అలరాజు నలగామరాజునకు స్వయముగా అల్లుడు.

“అన్నదమ్ములు, మామా అల్లుళ్ళు! పరాయివాడు ఒక్కడున్నాడా అబ్బాయ్, ఈ యుద్ధంలో?” అన్నది. కొంతసేపటికి మళ్ళీ తానే అందుకొన్నది: “అందరూ నాగమ్మనే తిడతారు. పందెమాడింది ఒక్కతేనా? అవతల ఒప్పుకొన్నవాళ్ళు లేరూ?”

ఈ మాట ఆలోచింపదగినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనన్న పందెమును కాదని తోసివేసిన పెద్దమనిషి కథలో ఒక్కడు కూడా లేడు. సంస్కర్త అని మనము కొనియాడే బ్రహ్మనాయుడు సైతము అందుకు తలయొగ్గినాడు. ఒక కోడి కాలికి కట్టిన కత్తికి రెండు రాజ్యముల బ్రతుకు అప్పగింపబడినది. వివేకవంతునికి కూడ ‘కాదు’ అనడము చేతకాని ఘడియ ఒకటి ఉంటుందని ఈ కథ చెబుతున్నది.

మాచర్ల మలిదేవుని రాజధాని. చంద్రవంక ఒడ్డున ఉన్న చెన్నకేశవాలయము బ్రహ్మనాయుని పేరుతో ముడివడినది. పందెము నాటి దౌర్బల్యము ఎట్లున్నా, ఆయన చేసిన మరొక పని ఎనిమిది వందల ఏండ్లు దాటినా మాయలేదు. అదే చాపకూడు. కులభేదము పాటింపక, పరచిన చాపల మీద రాశిపోసిన అన్నమును అందరూ కలిసి భుజించడము. మాలకులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారుని వలె చూచి సేనానాయకుని చేసినాడని కథ చెబుతున్నది. బాలచంద్రుడు తమ్ములుగా భావించి వెంటబెట్టుకొన్నవారు కూడా పలు కులములవారే.

అక్కడి నుంచి రెంటచింతల మీదుగా గురజాల చేరినాము. నలగామరాజు ఏలిన ఈ పట్టణములో నేడు కనబడేవి కచేరీలు, అంగళ్ళు, రైలుస్టేషను. కథ ప్రకారము చివరకు రాజ్యము నలగామునికే దక్కినది. యుద్ధములో పైచేయియైన బ్రహ్మనాయుడే దానిని అతనికి అప్పగించి గుత్తికొండ బిలమునకు పోయినాడు. అప్పటికి ఆయన కుమారుడు లేడు, తోడివారు లేరు. నలగామునికి అల్లుడు లేడు, కూతురు పేరిందేవి భర్తతో సహగమనము చేసినది. మొదటి ప్రశ్నకు సమాధానము ఇదే.

ఇది గడచిన కథ మాత్రమే అయితే ఇంతగా చెప్పవలసిన పని లేదు. ఈ సీమ ముఠాకక్షలకు పేరుమోసినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. రెండేండ్లు గడచినవో లేదో, 2024 మే నెల ఎన్నికలవేళ ఈ జిల్లాలో ఘర్షణలు చెలరేగి నిషేధాజ్ఞలు విధింపవలసి వచ్చినది. ఒకే ఊరివారు, ఒకే బావి నీళ్ళు త్రాగి పెరిగినవారు రెండు పక్షములై నిలిచినప్పుడు, “పల్నాటి పౌరుషము” అనే మాటను ఎవరైనా వాడుకొనవచ్చును. ఆ మాటకు అర్థము చెప్పవలసిన బాధ్యత బడిపంతులుది.

అందుచేత ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను ఈ యాత్రకు తీసుకొని వెళ్ళినప్పుడు, ముందుగా ఒక కాగితము మీద అనుగురాజు వంశవృక్షము వ్రాయించండి. బస్సు ఒక్కొక్క ఊరు దాటుతుండగా మరణించినవారి పేర్లు కొట్టివేయించండి. గురజాల చేరేటప్పటికి ఆ కాగితమే పాఠము చెబుతుంది.

వీలైతే కార్తిక అమావాస్యకు కారెంపూడి వెళ్ళండి. అక్కడ ఐదు దినములు వీరుల ఉత్సవము జరుగుతుంది: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కోడిపోరు దాని మరునాడు. ఈ సీమ తన పూర్వుల తప్పును, ఒప్పును రెండింటిని దాచుకొన్నది. పిల్లలకు రెండూ చూపవలసినదే. కాని ఆ చాప మీద కూర్చుండబెట్టి, ప్రక్కవాడు ఎవరని అడగకుండా ఒక ముద్ద తినిపించిన పంతులు, వంద పుటల చరిత్ర బోధించినవాడే అవుతాడు.