విజయవాడ అబ్బాయి, నెదర్లాండ్స్ జట్టు

2023 నవంబరు 12, దీపావళి రోజు. బెంగుళూరు చిన్నస్వామి స్టేడియంలో ప్రపంచ కప్ మ్యాచ్. భారత జట్టు 410 పరుగులు చేసింది. జవాబుగా నెదర్లాండ్స్ 250కి ఆలౌటయింది. ఆ 250లో 54 పరుగులు, ఆరు సిక్సర్లతో సహా, తేజ నిడమనూరు అనే యువకుడివి. ఆఖరి వికెట్టు కూడా అతనిదే. తీసింది మరెవరో కాదు, ఎప్పుడో గాని బంతి పట్టని అప్పటి మన కెప్టెన్ రోహిత్ శర్మ.

ఆ ఇంటిపేరు వినగానే టీవీల ముందున్న మనవాళ్ళు చాలామంది చెవులు రిక్కించి ఉంటారు. నిజమే, అతను 1994లో విజయవాడలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి వెంట న్యూజీలాండు వెళ్ళాడు. ఆక్లండులో ఆట నేర్చాడు. క్లబ్బు క్రికెట్టు ఆడడానికి నెదర్లాండ్స్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అదే ఏడాది జూన్‌లో హరారేలో జరిగిన అర్హత పోటీలో వెస్టిండీస్ మీద 76 బంతుల్లో 111 పరుగులు కొట్టి, 374 దగ్గర మ్యాచ్‌ను టై చేయించడంలో ప్రధాన పాత్ర అతనిదే. సూపర్ ఓవర్లో నెదర్లాండ్స్ గెలిచింది.

"మనవాడే" అని మురిసిన నోటితోనే "మరి మనమీదే ఆడుతున్నాడేమిటి?" అనేవారూ ఉంటారు. వలస వెళ్ళిన క్రీడాకారుడు కొత్త దేశానికి ప్రాతినిధ్యం వహించవచ్చునా అన్న ఈ ప్రశ్న పాతదే. నా మటుకు నాకు సందేహం లేదు. ఎక్కడ బతుకు కట్టుకున్నాడో అక్కడే ఆడాలి. పెళ్ళయి పాతికేళ్ళయిన ఆడపడుచును "నువ్వు పుట్టింటి వైపా, అత్తింటి వైపా?" అని ఏ పెద్దమనిషీ అడగడు.

అడిగేవారు లేకపోలేదు. 1990లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు నార్మన్ టెబిట్ ఇలాంటి పరీక్షే పెట్టాడు. ఇంగ్లండుకు వలస వచ్చినవాళ్ళు క్రికెట్ మ్యాచ్‌లో ఏ జట్టు గెలవాలని కోరుకుంటారో చూస్తే వాళ్ళ మనసు తెలుస్తుందన్నాడు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి ఇంగ్లండు జట్టుకు కెప్టెన్ అయిన నాసిర్ హుస్సేన్ పుట్టింది మన మద్రాసులో! కృష్ణా, కావేరీ నీళ్ళ గొడవ వచ్చినప్పుడల్లా "మీరు ఎవరి వైపు?" అన్న చూపును ఎదుర్కొనే మనకు ఈ పరీక్ష రుచి వేరే చెప్పక్కర్లేదు.

అయితే అవతలి వాదనలోనూ బలం ఉంది. ఆటగాడిని తయారు చేయడానికి పుట్టిన దేశం ఖర్చు పెడుతుంది, శిక్షణ ఇస్తుంది. ఫలం మరొకరు కోసుకుంటే కడుపు మండదా? ముంబయికి చెందిన సౌరభ్ నేత్రవల్కర్ 2010లో భారత అండర్-19 జట్టుకు ఆడాడు. ముంబయికి రంజీ కూడా ఆడాడు. ఆపైన జాతీయ జట్టు దారి కనిపించలేదు. పై చదువుకు అమెరికా వెళ్ళి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, అక్కడి జట్టులోకి వచ్చాడు. 2024 జూన్ 12న న్యూయార్క్‌లో జరిగిన టి-20 ప్రపంచ కప్ మ్యాచ్‌లో కోహ్లీని మొదటి బంతికే, రోహిత్‌ను మూడు పరుగులకే పంపించాడు. మ్యాచ్ మనమే గెలిచాం, అది వేరే సంగతి. ఇక్కడ చోటు దొరకనివాడు మరోచోట ఆడితే మనకు పోయిందేమిటి? ఆట మానేసి ఉంటే మాత్రం అప్పు తీరేదా?

కాని చిక్కు ఇంతటితో తీరదు. ఇద్దరు కెన్యా పరుగువీరుల కథ చూడండి. విల్సన్ కిప్‌కెటర్ 1990లో విద్యార్థిగా డెన్మార్క్ వెళ్ళాడు. 1995లో ఆ దేశం తరఫున 800 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి మాత్రం డెన్మార్క్ పౌరసత్వం చేతికి రాలేదు. మంచి ఊపులో ఉన్నవాడు ఆ ఒలింపిక్స్ వదులుకున్నాడు. మరుసటి ఏడు 1 నిమిషం 41.11 సెకన్లతో నెలకొల్పిన రికార్డు 2010 దాకా నిలిచింది. చివరికి దాన్ని చెరిపింది కెన్యా వాడే, డేవిడ్ రుడిషా.

రెండోవాడు స్టీఫెన్ చెరోనో. 2003 ఆగస్టులో ఖతర్ పౌరుడై సైఫ్ సయీద్ షహీన్ అయ్యాడు. అదే నెలలో పారిస్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో ఖతర్‌కు స్వర్ణం తెచ్చాడు. అతని సోదరుడు అదే పందెంలో కెన్యా చొక్కా వేసుకుని పరుగెత్తాడు! జీవితాంతం నెలకు వెయ్యి డాలర్లు ముట్టే ఏర్పాటు జరిగిందని పత్రికలు రాశాయి. కెన్యా ఒప్పుకోకపోవడంతో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అతనికి ప్రవేశం దొరకలేదు. ఆ పందెంలో మూడు పతకాలూ కెన్యాకే పోయాయి.

ఇద్దరూ దేశం మారినవారే. కాని ఒకరు అక్కడ చదివి, ఏళ్ళ తరబడి బతికి, ఆ తర్వాత ఆ దేశం వాడయ్యాడు. రెండోవాడికి పాస్‌పోర్టు పతకానికి ముందు అడ్వాన్సులా అందింది. నేను పేదింటి పరుగువీరుణ్ణి తప్పు పట్టను. సంతలో కోడెను కొన్నట్టు మనిషిని కొన్నవారినే తప్పు పడతాను. ఒలింపిక్స్‌లో దేశం మారినవారికి మూడేళ్ళ నిరీక్షణ పెట్టింది, పాత దేశం ఒప్పుకుంటే తగ్గించే వీలు కల్పించింది ఇలాంటి బేరాలకు పగ్గం వేయడానికే. ఆ గడువు నాకు న్యాయంగానే తోస్తుంది. మూడేళ్ళు ఉప్పు తిన్నాక ఆడనివ్వండి.

పాత దేశం పెద్దమనసు చూపిన సందర్భాలూ ఉన్నాయి. ట్రినిడాడ్ వికెట్ కీపర్ సామీ గిల్లెన్ వెస్టిండీస్‌కు టెస్టులు ఆడి, తర్వాత న్యూజీలాండులో స్థిరపడ్డాడు. 1956లో ఆక్లండులో తన పాత జట్టు మీదే ఆడాడు. న్యూజీలాండు చరిత్రలో అదే తొలి టెస్టు విజయం. ఆఖరి వికెట్టు గిల్లెన్ చేసిన స్టంపింగే. హరారే సూపర్ ఓవర్లో 30 పరుగులు బాదిన లోగన్ వాన్ బీక్ ఈయన మనవడే. అతనూ న్యూజీలాండులో పుట్టి నెదర్లాండ్స్‌కు ఆడినవాడే.

మన దేశం వైపు నుంచి చూస్తే తలుపు అంత వెడల్పుగా లేదు. చెన్నైకి చెందిన విజయ్ అమృతరాజ్ కుమారుడు ప్రకాశ్ అమెరికా పౌరుడై ఉండి కూడా భారత్ తరఫున డేవిస్ కప్ ఆడాడు. 2008 చివర్లో ప్రభుత్వం భారత పాస్‌పోర్టు ఉన్నవారే ఆడాలని తేల్చడంతో ఆ దారి మూసుకుపోయింది. ఇజుమి అరాతా అనే ఫుట్‌బాల్ ఆటగాడు, తండ్రి భారతీయుడు, జపాన్ పౌరసత్వం వదులుకుని మరీ 2013లో మన జట్టుకు ఆడాడు. రెండు దేశాల మధ్య పెరిగిన పిల్లలకు ఇది చిన్న త్యాగం కాదు.

ఇంతకీ మనం మరచిపోయేది ఒకటుంది. భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు మనలాగే బయట స్థిరపడిన తెలుగు కుటుంబం వాడు. 1895లో నాగపూరులో పుట్టారు. ఇందూరు హోల్కర్ జట్టుకు పేరు తెచ్చారు. ఆ ఆటంతా తెలుగునేలకు బయటే సాగింది. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు కెప్టెన్ ఆయనే. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. అక్కడితోనూ ఆగలేదు. 1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున కూడా బ్యాటు పట్టారు.