లేని కరెంటు పుట్టించే జనరేటరు

గ్రిడ్ లెక్కలు కట్టే కంప్యూటర్లలో ఒక వింత జనరేటరు ఉంటుంది. దానికి బొగ్గు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. యూనిట్ ధర మాత్రం మిగతా వాటికి ఎన్నో రెట్లు. ‘పది మెగావాట్లు ఇచ్చాను’ అని అది చెప్పిందంటే, అక్కడి జనానికి పది మెగావాట్లు తీసేశారని అర్థం. లోడ్ షెడ్డింగ్‌ను సమీకరణంలోకి ఎక్కించడానికి ఇంజినీర్లు పన్నిన ఉపాయమిది.

1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్, పరిమితుల మధ్య ఖర్చు అతి తక్కువయ్యే జవాబును వెతికే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. 1962లో ఫ్రాన్స్‌లో కార్పాంతియే, ఏ జనరేటరు ఎంత తిరిగితే ఖర్చు తగ్గుతుందన్న ప్రశ్నను లైన్ల పరిమితులతో సహా గణితంగా రాశాడు. అందులో చిక్కేమిటంటే, ఉన్న కరెంటు చాలకపోతే లెక్క ‘అసాధ్యం’ అని ఆగిపోతుంది. ఊళ్లో కరెంటు మాత్రం ఏదో విధంగా నడవాలి కదా! కల్పిత జనరేటరును చేర్చితే జవాబు తప్పకుండా వస్తుంది: ఎక్కడ, ఎంత కోత.

విశాఖ వాళ్లకు ఈ లెక్క గాజువాకలోనే కనిపించేది. ఒడిశాలోని జయపురం నుంచి 400 కేవీ లైను వచ్చే చోట తూర్పు, దక్షిణ గ్రిడ్లను కలిపే బ్యాక్-టు-బ్యాక్ కేంద్రం ఉంది. ఏసీని డీసీగా, వెంటనే మళ్లీ ఏసీగా మారుస్తుంది. 1999లో 500 మెగావాట్లు, 2005లో మరో 500. తూర్పున బొగ్గు కరెంటు ఎంత మిగిలినా ఈ గుమ్మంలోంచి వెయ్యికి మించి రాదు. 2012లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టడానికి ఉత్పత్తి లోటుతో పాటు ఇలాంటి ఇరుకు గుమ్మాలూ కారణమే. అవతల యూనిట్ నాలుగు రూపాయలు, ఇవతల కోత ధర యాభై అనుకుందాం. గుమ్మం నిండిపోయిన గంటలో, దాన్ని ఒక్క యూనిట్ మేర వెడల్పు చేయడం విలువ నలభై ఆరు రూపాయలు. కొత్త లైను ఎక్కడ వేయాలో చెప్పేది ఇలాంటి అంకెలే.

అదే గుమ్మం ఒకసారి కాపాడింది కూడా. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి దాదాపు అరవై కోట్ల మంది చీకట్లో పడ్డారు. దక్షిణాది నిలిచింది. మధ్యలో ఉన్నది డీసీ కాబట్టి అవతలి ఫ్రీక్వెన్సీ ఊగిసలాట ఇటు పాకలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీకి వచ్చింది.

కంప్యూటరు లెక్క రేపటికో, వచ్చే గంటకో పనికొస్తుంది. పెద్ద జనరేటరు ఉన్నట్టుండి ఆగితే సెకన్లలో పని జరగాలి. అక్కడ అండర్ ఫ్రీక్వెన్సీ రిలే దిగుతుంది. 1965 నవంబరులో ఈశాన్య అమెరికా చీకటైపోయాక ఈ రిలేలు విస్తృతంగా వచ్చాయి. మన దగ్గర 50 హెర్ట్జ్ నుంచి ఫ్రీక్వెన్సీ జారేకొద్దీ మెట్లు మెట్లుగా ఫీడర్లను, అంటే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్లను, తెంచుతాయి. రిలే ఎవరినీ అడగదు. కానీ ఏ ఫీడరు ఏ మెట్టులో పోవాలో ముందే మనిషే రాసి పెట్టాడు. 2012లో ఉత్తరాదిన ఈ రిలేల నుంచి రావలసినంత ఉపశమనం రాలేదని విచారణలో తేలింది.

మళ్లీ కంప్యూటరు లెక్కకు వస్తే, అందరి కోతకూ ఒకే ధర కడితే అది విశాఖలో పనికిరాదు. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లు చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. అందుకే సొంత విద్యుత్ కేంద్రం ఉంచుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అదీ చాలలేదు, ఉత్పత్తి నిలిచిపోయింది. అలాంటి చోట మొదటి పది నిమిషాల నష్టం వేరు, నాలుగో గంట నష్టం వేరు. ఇంట్లో ఫ్యాను ఆగితే నష్టాన్ని రూపాయల్లో ఎవరు రాయాలి? రాయకపోతే సున్నా అవుతుంది. నా దృష్టిలో మోడల్‌లో అసలైన రాజకీయం ఆ ఒక్క అంకెలోనే ఉంది.

ఇంకో చిక్కు. ఖర్చు తగ్గించమని మాత్రమే చెబితే, యంత్రం ప్రతిసారీ ఒకే ఫీడరును పట్టుకుంటుంది. లైను నష్టాలు కూడా లెక్కలో ఉంటే అది తరచూ చివరి ఫీడరే, ఏజెన్సీ కొండల వైపు పోయే పొడవాటిదే, ఎందుకంటే అక్కడ ఒక యూనిట్ ఆపితే దారిలో పోయేదీ మిగులుతుంది. అందుకని ఇంజినీర్లు మరో షరతు రాస్తారు: ఏ ఫీడరుకూ వారంలో ఇన్ని గంటలకు మించి కోత పడకూడదు. దాంతో మొత్తం ఖర్చు కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎంతో కూడా మోడలే చూపిస్తుంది.